చేతిఫోనును స్త్రీల యారోగ్యమును



ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. ఇల్లు చక్కదిద్దుకొను స్త్రీకి ఈ భాగ్యము రెండింతలు కావలయును. ఏలయన, ఆమె మంచము పట్టినచో ఇంటిలో పొయ్యియు చల్లారును. మన తాతమ్మల కాలమున కలరా, మశూచి మొదలగు వ్యాధులు ఊరి పొలిమేర దాటి వచ్చుచున్నవని ముందుగానే తెలియుచుండెను. వేపమండలు గుమ్మమునకు గట్టి వారు జాగ్రత్తపడుచుండిరి. నేడు మేము ముచ్చటింపబోవు రుగ్మత గుమ్మమువెంట వచ్చునది గాదు. మనమే దానిని వెలయిచ్చి కొని తెచ్చుకొని, రాత్రివేళ దిండుప్రక్కన నుంచుకొని పరుండుచున్నాము. చేతిఫోనును, అందలి వాట్సాపు, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాము మొదలగు సామాజిక మాధ్యమములును మన దేహమునకును మనస్సునకును చేయుచున్న మేలుకీడులను గూర్చి, మా యనుభవమునకు వచ్చినంతవఱకు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మేము వైద్యులము గాము. బడికి బోయి పెద్ద పరీక్షలు నిచ్చినవారము గాము. మా తండ్రిగారు పురాణకాలక్షేపము చేయుచుండెడివారు. వారి యొద్దనే ఇంటిలో గూర్చుండి అమరమును, భారత భాగవతములను చదువుకొంటిమి. మా వారు జోగులాంబ గద్వాల జిల్లాలోని వడ్డేపల్లిలో బడిపంతులుగా నున్నారు. కృష్ణా తుంగభద్రల నడుమ నుండుటచే మా ప్రాంతమును నడిగడ్డ యందురు. రెండు మహానదుల నడుమ నున్నను మా కడ విద్యాప్రవాహము సన్నమే. 2011 జనాభా లెక్కలనుబట్టి, నేటి మా జిల్లా యెల్లలలో చదువ వ్రాయ నేర్చినవారు నూటికి 50 మందికి లోపు. తెలంగాణమున నింతకంటె తక్కువగల జిల్లా లేదు. స్త్రీలలో నా సంఖ్య యింకను తక్కువ. ఈ మాట ముందుగా జెప్పుటకు కారణము కలదు. మేము చెప్పబోవు కథకంతకును మూలమదియే.

మొదట మేలును జెప్పుట ధర్మము. 2016 సెప్టెంబరులో జియో వచ్చిన పిమ్మట ఫోనులో నంతర్జాలపు వెల మిక్కిలి తగ్గెను. మఱుసటి యేడు మా యింటికిని స్మార్టుఫోను వచ్చెను. పత్తివిత్తనపు చేలలో సాయంకాలమున మొగ్గలు గిల్లి, మఱునాటి యుదయమున పుప్పొడి యంటించు కూలిస్త్రీ, హైదరాబాదులో తాపీపని చేయుచున్న కుమారుని మొగమును గట్టుమీద గూర్చుండి చూచుకొనుచున్నది. గద్వాలలోను రాజోలిలోను నేతయిండ్ల కోడండ్రు చీరల బొమ్మలను వాట్సాపులో పంపి, దళారితో బనిలేకయే బేరములాడుకొనుచున్నారు. 2020లో కరోనా దినములయందు బడులు మూతపడి, సెప్టెంబరు 1 నుండి పాఠములు టీవీలోను ఫోనులోను వచ్చినపుడు, మా వీధి పిల్లలు నలుగురు మా యరుగుమీదనే యొక్క ఫోను చుట్టు గూర్చుండి చదువుకొనిరి. మా తల్లిగారు మంచముననున్న కడపటి నెలలలో, పయనమునకు వీలులేని యా కాలమున, మేమామె మొగమును ప్రతిదినము చూడగలిగినది ఈ ఫోను మూలముననే. కావున దీనిని పాడువస్తువని నిందించు మాట మా నోట రాదు.

ఇక కీడు. దానిని ఇతరుల యింటినుండి గాక మా యింటినుండియే మొదలుపెట్టుదుము.

2018వ సంవత్సరము వేసవి. బడికి సెలవులు. ఒకనాటి యుదయమున కర్నూలునుండి మా పెద్దక్క యొక వార్త పంపెను. పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు మన జిల్లాలలో దిగినవనియు, బిచ్చగాండ్ర వేషములతోను బేరగాండ్ర వేషములతోను తిరుగుచున్నారనియు, మనుష్యులను జంపి యవయవములు దీయుచున్నారనియు అందులో నుండెను. క్రింద నెత్తురుతో గూడిన బొమ్మలు రెండు. మాకప్పుడైదేండ్ల కుమారుడు. గుండె గుభేలుమనెను. అక్క పంపినది గదా, అబద్ధమెట్లగునని తలచితిమి. అక్కకు ఆమె తోడికోడలు పంపినదట. తోడికోడలికెవరు పంపిరో మేమడుగలేదు.

మా వీధిలోని పొదుపుసంఘపు స్త్రీలకు వాట్సాపులో నొక సమూహము కలదు. ముప్పదిమందిలో చదువగలవారేడెనిమిదిమంది. వ్రాతను పంపినచో మిగిలినవారికెట్లు తెలియును? తల్లులందఱు జాగ్రత్తపడవలదా? ఇట్లు తలంచి, ఆ వార్తనంతయు పురాణము చదువునట్లు స్పష్టముగా, ఆగి యాగి, మా గొంతుతోనే చదివి, ఆ ధ్వనిని సమూహమునకు బంపితిమి. కడపట "తల్లులారా, భద్రము" అని మా మాటయు నొకటి చేర్చితిమి. మేలు చేసితిమను తృప్తితో వంటింటిలోనికి బోయితిమి.

వేసవిలో మిద్దెలమీదను వాకిండ్లలోను మంచములు వేసికొని పరుండుట మా ప్రాంతపు వాడుక. ఆ రాత్రినుండి మా వీధిలో మంచములన్నియు లోనికి బోయెను. దీపములు పెట్టకమునుపే తలుపులు మూసికొనిరి. ఆ యుక్కలో, గాలియాడని గదులలో, ఏడవనెల గర్భిణియైన యొక పిల్ల రాత్రియెల్ల విసనకఱ్ఱ విసరుకొనుచు గూర్చుండెను. ఎదురింటి యవ్వ మనుమని కాలికి తన కొంగు ముడివేసికొని, చేత కఱ్ఱపట్టుకొని తెల్లవార్లు మేలుకొనెను. నాలుగవనాడు తల తిరిగి గడపమీద బడెను. మా కుమారుడు నిద్రలో నులికిపడి లేచి యేడ్చుచుండెను. చేతిలోని చిన్న పలక నుండి వచ్చిన మాట యొక్కటి వీధినంతను రోగగ్రస్తముగా జేసినది. అప్పటికి మేమది గ్రహింపలేదు. మా జాగ్రత్త ఫలించుచున్నదనియే యనుకొంటిమి.

ఆ వారములోనే యొక మధ్యాహ్నము వీధిలో గలకలము వినబడెను. మేము బయటికి వచ్చి చూచితిమి. పూసలును పిన్నీసులును దువ్వెనలును అమ్ముకొను నొక స్త్రీని పదిపదునైదుమంది చుట్టుముట్టియుండిరి. ఆమె బుట్టను నేలను బోర్లించిరి. పూసలన్నియు దుమ్ములో దొరలుచున్నవి. ఆమె చంకలో రెండేండ్ల పిల్లవాడు కెవ్వున నేడ్చుచుండెను. ఆ బిడ్డ యెవరిబిడ్డయని యొకడు గద్దించెను. మఱియొకడు బిడ్డ చేయి పట్టి లాగెను. ఆమె బిడ్డను రొమ్మునకదుముకొని, "తల్లీ, నా బిడ్డను నేనే ఎత్తుకపోతానా?" అని, నడుమనున్న మగవారిని గాక, అరుగుమీద నిలుచున్న మమ్ములను జూచి యడిగెను.

మా నోట మాట రాలేదు. ఇంతలో మా వారు గబగబ దిగిపోయి యామెకును గుంపునకును నడుమ నిలిచిరి. "ఈమె దొంగయని మీతో నెవరు చెప్పిరి?" అని యడిగిరి. వారియొద్ద చదువుకొన్న కుఱ్ఱవాడొకడు, "సార్, ఇదిగో, మీరే వినండి" అని ఫోను తీసి వినిపించెను. వీధిలో నందఱియెదుట వినబడినది మా గొంతు. స్పష్టముగా, ఆగి యాగి. కడపట "తల్లులారా, భద్రము."

మా వారు మావైపొకసారి చూచిరి. ఏమియు ననలేదు. ఆ స్త్రీని మా యరుగుమీద గూర్చుండబెట్టిరి. మేము మజ్జిగ యిచ్చితిమి. ఆమె బిడ్డకు ద్రాపి తాను ద్రాగలేదు. దుమ్ములోని పూసలను మేమును ఎదురింటి యవ్వయు నేరి యిచ్చితిమి. మా వారు తోడుగా బోయి యామెను గద్వాల బస్సు నెక్కించి వచ్చిరి. రాత్రి భోజనమైన తరువాత వారు మాతో ననిన దిది: "నీవబద్ధమాడలేదు. కాని యడుగవలసిన మాటయు నడుగలేదు."

ఆ రాత్రి మాకు భారతమందలి ద్రోణపర్వము జ్ఞప్తికి వచ్చెను. అశ్వత్థామ మరణించెనని భీముడు కేకవేసినపుడు ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజు నోట వినినపుడు నమ్మి యస్త్రములు విడిచెను. చచ్చినది యేనుగని ధర్మరాజెఱుగును. ఆ మాటను మెల్లగా ననెను. ఆ పర్వమును మా తండ్రిగారియొద్ద నెన్నిసార్లు చదివితిమో! ధర్మరాజు తప్పును దప్పుగా విమర్శించితిమిగాని, మా గొంతునకు మా వీధిలో నట్టి మర్యాద యున్నదనియు, ఆ మర్యాదయే యపాయమనియు మాకు దోపలేదు. వార్తను మనము వార్తనుబట్టి నమ్ముట లేదు, పంపినవారినిబట్టి నమ్ముచున్నాము. అక్క పంపినది, వదినె పంపినది, పంతులుగారి భార్య చెప్పినది యని నమ్ముచున్నాము. స్త్రీల స్నేహమునందలి యీ సుగుణమే యబద్ధమునకు వాహనమగుచున్నది.

ఆ యేడు మా జిల్లాలో జరిగిన మేలొకటి చెప్పవలయును. అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు పోలీసు సూపరింటెండెంటుగా నుండినవారు ఒక స్త్రీయే. వారి పేరు రెమా రాజేశ్వరిగారు. ఊరికొక పోలీసును నియమించి, ఊరివారితో మాటలాడి వారి కష్టసుఖములు తెలిసికొను పద్ధతిని వారు పెట్టిరి. వేసవిలో జనులు బయట పరుండుట మానివేసి, తలుపులు బిగించుకొనుచున్నారని యా పోలీసులు కనిపెట్టి చెప్పగా, వారు కారణము విచారించిరి. ఫోనులలోని యీ బొమ్మలే కారణమని తేలెను. అంతట వారు కాగితముపై హెచ్చరికలంటించి యూరకుండక, చదువురాని వారికిని తెలియునట్లు డప్పులతోను జానపదుల పాటలతోను ఊరూర, సుమారు 400 గ్రామములలో, ఈ వార్తలబద్ధములని చెప్పించిరి. ఇతర స్థలములలో నీ వదంతులు ప్రాణములు దీసినవి. మహారాష్ట్రములోని ధులే జిల్లా రైన్‌పాడలో 2018 జూలై 1వ తేదీన నైదుగురిని జనులు కొట్టి చంపిరి. మా రెండు జిల్లాలలో నొక్క ప్రాణమును పోలేదు. ఆ దినములలో దేశమంతట దిరిగిన యొక చిత్రము, కరాచీ నగరమున పిల్లల భద్రతను గూర్చి తల్లిదండ్రులను మేల్కొలుపుటకై తీసినదట. కడపటి హితోక్తిని కత్తిరించి, ఎత్తుకొనిపోవుటను మాత్రము మిగిల్చి పంపిరి. ఆ జూలైలోనే వాట్సాపువారు మన దేశమున నొక సందేశమును ఒక్కమారు ఐదుచోట్లకు మించి పంపరాకుండ గట్టడి చేసిరి.

మేమును మా తప్పు దిద్దుకొన యత్నించితిమి. ఆ సాయంకాలమే మరల మా గొంతుతో, మేము మొన్న చదివినది యబద్ధమనియు, విచారింపక పంపితిమనియు, క్షమింపుడనియు జెప్పి సమూహమునకు బంపితిమి. ముప్పదిమందిలో వినినవారు పదునొకండ్రు. రెండు నెలల పిమ్మట ఐజలోని మా బంధువురాలొకతె, "అక్కా, భద్రము, ఎవరో చక్కగా చెప్పినారు, వినుము" అని మాకొక సందేశము పంపెను. అది మా మొదటి సందేశమే. మా క్షమాపణము మా వీధి మలుపు దాటలేదు. మా యబద్ధము మండలము దాటి మరల మా యింటికే వచ్చినది.

భయము మొదటి రోగము. రెండవది నిద్రలేమి. దీనినిగూర్చి కొందఱు నవ్వవచ్చును గాని, మేము తలనొప్పితో రెండేండ్లు బాధపడితిమి. మెడ పట్టివేయుట, కన్నులు మండుట, పగలెల్ల చిరాకు, చిన్న మాటకు బిడ్డను గసరుట. దృష్టిదోషమనిరి, వేడియనిరి, దిష్టియనిరి. కడకొక వైద్యురాలి యొద్దకు బోయితిమి. ఆమె నాడి చూచి, నెత్తురు పరీక్షింపించి, "రాత్రి మీ దిండుప్రక్కన నేమి యుండును?" అని యడిగెను. మేము సిగ్గుపడి ఫోను చూపితిమి. ఆమె దానిలోనే యొక లెక్కను దెఱచి చూపెను. మేము దినమునకు నాలుగు గంటలకుపైగా దానిని జూచుచున్నామట! భారతము చదువుకొనుటకు తీరిక దొరకుట లేదని ఐదేండ్లుగా మా వారితో మొఱపెట్టుకొనుచున్నాము. ఆ తీరికయెల్ల నెక్కడికి బోవుచున్నదో యా పలకయే చెప్పినది.

వైద్యురాలు వివరించినది మేమెఱిగినంతలో చెప్పుదుము. రాత్రివేళ కంటికి వెలుతురు తగులుచుండినచో, నిద్రవేళయైనదని దేహమునకు దెలుపు మెలటోనిను అను పదార్థము ఊరుట తగ్గును. వెలుగుచున్న యద్దమును ఱెప్పవాల్పక చూచుటచే కంటితడి యాఱి మంట పుట్టును. తల బరువు సుమారైదు కిలోలు. మెడ వంచినకొలది యా బరువును మోయు కండరములకు భారము హెచ్చును. వీనికన్నిటికి మించి, ఒకటి చూచిన వెంటనే మఱియొకటి తనంతదానే వచ్చునట్లు దానిని రచించినారు. పురాణమునకు మంగళహారతి కలదు. నాటకమునకు తెరవాలుట కలదు. కూరల సంతకు సైతము పొద్దువాలుట కలదు. ఈ రీళ్ళకు ముగింపు లేదు. ముగింపులేని దానిని ముగింపవలసిన భారము, దినమంతయు బనిచేసి యలసిన స్త్రీమీద బడుచున్నది. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు లేచి పుప్పొడి పనికి బోవలసిన యిల్లాలు పదునొకండు గంటలవఱకు దానిని జూచినచో నామెకు మిగులునది యైదుగంటల నిద్ర. ఆ కొదువను మఱునాడెండలో నామె దేహమే చెల్లింపవలయును.

మూడవది మనోవ్యాధి. సభాపర్వమున దుర్యోధనుడు మయసభను జూచి హస్తినకు మరలివచ్చిన పిమ్మట వెలవెలబోయి చిక్కిపోయెనని మనము చదువుదుము. అతనికి రాజ్యము లేదా? భోగము కొఱతయా? పరుల కలిమిని దగ్గఱనుండి చూచినందున వచ్చిన రుగ్మత యది. దుర్యోధనుడు మయసభనొక్కమారే చూచెను. మన యాడపిల్లలు దినమునకు నూఱుమార్లు చూచుచున్నారు. అందులో నీళ్ళున్నచోట నేలగాను, నేలయున్నచోట నీళ్ళుగాను గనబడెనట. ఈ మయసభలోను అంతే. మొగమునందలి మచ్చలు మాయమగును, నడుము సన్ననగును, చామనచాయ పసిడిచాయయగును. ఎవరి యింటిలోను పాచిగిన్నె కనబడదు. ఏ మగడును కసరడు.

మా యెఱుకలోని యొక యిల్లు చెప్పుదుము. పంతొమ్మిదేండ్ల కొత్తకోడలు. చక్కని పిల్ల. తన పెండ్లిబొమ్మలు ఇన్‌స్టాగ్రాములో బెట్టగా నెవరో యెఱుగనివారు లావని వ్రాసిరట. ఆ పిల్ల రాత్రి భోజనము మానెను. పిమ్మట మధ్యాహ్నము సగము చేసెను. ఏదో చిత్రములో చెప్పిరని ఉదయమున నిమ్మరసము మాత్రము త్రాగుచుండెను. ఆశా కార్యకర్త యిచ్చిన యినుపమాత్రలు వేసికొన్నచో లావెక్కుదురని యింకొక చిత్రములో వినెనట. వానిని పెరటిలో బాఱవేసెను. ఒకనాడు బావియొద్ద కన్నులు చీకట్లు గ్రమ్మి కూలెను. నెత్తురు పరీక్షించినపుడు హిమోగ్లోబిను ఏడుకూడ లేదు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు. ఇట్టి దేశమున యాడపిల్లను తిండి మానుమని బోధించు చిత్రమును విషమనక యేమనవలెను? ఆ పిల్ల యత్తగారు మొదట కోపపడినను, పిమ్మట ప్రక్కన గూర్చుండబెట్టుకొని ముద్ద గలిపి పెట్టినది. ఆఱు నెలలలో పిల్ల కోలుకొన్నది. ఆ యత్తగారికి చదువు రాదు.

ఇది మా పల్లెపిల్లల వెఱ్ఱి మాత్రమే యనుకొనరాదు. ఇన్‌స్టాగ్రామునకు యజమానులైన ఫేసుబుక్కు కంపెనీవారు తామే విచారణ చేయించుకొనిరి. తమ రూపమునుగూర్చి కుందుచున్న పిల్లలలో ముగ్గురికొకతెకు ఇన్‌స్టాగ్రాము వలన నా కుందు హెచ్చుచున్నదని యందు దేలినట్లు 2021 సెప్టెంబరులో పత్రికలవలన బయటపడెను. దినమునకు మూడు గంటలకంటె నెక్కువసేపు వీనిలో గడుపు బాలబాలికలకు దిగులు, ఆందోళన మొదలగు మనోవ్యాధుల యపాయము రెండింతలని, 2023లో నమెరికాదేశపు ప్రధాన ప్రజావైద్యాధికారి వివేక్ మూర్తిగారు హెచ్చరిక వెలువరించిరి. ఆస్ట్రేలియాదేశమువారు 2025 డిసెంబరు 10 నుండి పదునాఱేండ్లు నిండని పిల్లలకు ఈ మాధ్యమములలో ఖాతాలుండరాదని చట్టము నమలుపఱచిరి. మన బెంగుళూరులోని నిమ్‌హాన్సు వైద్యసంస్థలో ఈ వ్యసనమునకు చికిత్స చేయుటకై 2014లోనే ప్రత్యేకశాల యేర్పడెను. కావున దీనిని వ్యాధియని యొప్పుకొనుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

ఈ మాటలు చదివి పురుషులు కొందఱు, "చూచితిరా, ఆడువారికి ఫోనెందుకు?" అని దానిని లాగుకొన దలపవచ్చును. వారికొక మాట చెప్పుదుము. మా వీధిలో పూసలమ్మిని చుట్టుముట్టినవారిలో నెక్కువమంది మగవారు. పైని చెప్పిన సర్వేలోనే, ఎన్నడైనను అంతర్జాలమును వాడిన పురుషులు నూటికి 57 మందియనియు, స్త్రీలు 33 మందియే యనియు గలదు. కత్తి తెగునని కూరలు తరుగుట మానుదుమా? ఇంకొకటియు గలదు. ఒక యాడపిల్ల మొగమును మఱియొక దేహమునకతికించి బెదరించు దుర్మార్గులు నేడు పుట్టినారు. ఇంటిలో జెప్పినచో ఫోనుతోబాటు చదువును మాన్పింతురను భయముచేతనే యా పిల్లలు నోరు విప్పరు. దుర్మార్గునికి గావలసినదియు నదియే. తల్లులారా! బిడ్డ వచ్చి చెప్పినపుడు మొదట "నీ తప్పు గాదు" అనుడు. పిమ్మట ఆ బొమ్మలను చెఱిపివేయక, సాక్ష్యముగా నుంచి, షీటీములకుగాని పోలీసులకుగాని చెప్పుడు. ఫోనువలన ధనము పోయినయెడల 1930 అను సంఖ్యకు వెంటనే తెలుపవలెను. మనసు క్రుంగి నిద్రపట్టనివారు 14416 అను టెలిమానస్ సంఖ్యకు తెలుగులోనే మాటలాడవచ్చును, 2022 నుండి ప్రభుత్వమువారు దానిని నడుపుచున్నారు, రుసుము లేదు.

మా యింటిలో మేము చేసికొన్న కట్టుబాట్లు నాలుగు. రాత్రి వంటిల్లు సర్దిన పిమ్మట ఫోనును బియ్యపు డబ్బామీద నుంచి తలుపు వేయుదుము. మేలుకొల్పుటకు పాత గడియారమే కలదు. భోజనమువేళ నది పంక్తికి రాదు. ఈ నియమము మా వారికిని వర్తించును. వైద్యమునుగూర్చి ఫోను చెప్పినదానిని ఆశా కార్యకర్తనుగాని వైద్యునిగాని యడుగక చేయము. భయపెట్టు వార్త, కోపము రప్పించు వార్త యెవరు పంపినను, "నీకెవరు చెప్పిరి?" అని పంపినవారినడుగుదుము. రెండవ గడప దాటకముందే చాల వార్తలు చచ్చును. అక్కకు మొదట కోపము వచ్చినది. ఇప్పుడామెయే తన తోడికోడలినడుగుచున్నది.

శనివారము సాయంకాలము మా యరుగుమీద భారతము చదువుట మొదలుపెట్టితిమి. పదిమంది వత్తురు, పత్తిపనుల కాలమున నలుగురే వత్తురు. వచ్చినవారు కథకంటె నెక్కువగా తమ కష్టసుఖములు చెప్పుకొందురు. అందులకే గదా వచ్చుట! బొమ్మమీద నొత్తు హృదయపు గుర్తుకంటె, "ఏమక్కా, చిక్కినావు?" అని చేయి పట్టుకొను మాటలో నౌషధమధికము. మేమును పూర్తిగా స్వస్థులమని చెప్పుకొనము. కొన్ని రాత్రులు బియ్యపు డబ్బావైపు చేయి పోవుచునేయున్నది. అట్టివేళ దీపమార్పి పరుండుదుము. లేదా పరుండలేక పోయి తీసికొందుము. ఉన్నది చెప్పవలయును గదా!

ఆ పూసలమ్మి మరల మా వీధికి రాలేదు. ఏటేట ఆ వృత్తివారెవరు వచ్చినను గూర్చుండబెట్టి యడుగుచుందుము, ఆనవాలు దొరకలేదు. ఆమె యడిగిన ప్రశ్నకు మేమింకను బదులు బాకియున్నాము. ఈ వ్యాసమును ఆ బాకిలో నొక చిన్న భాగముగా నెంచి వ్రాసితిమి. సోదరీమణులు దీనిని జదివి, చదువురాని యక్కచెల్లెండ్రకును చదివి వినిపింపుడు. మన గొంతులు వారికి నమ్మకమైనవి. ఆ నమ్మకమునకు దగినట్లు, విచారించి, నిజమైనదానినే వినిపింపుడని ప్రార్థించుచున్నాము.